పెద్దకర్మ ముగిశాక ఎవరు వస్తారు?

పెళ్లికి పిలిస్తేనే వెళ్లాలి, చావుకు పిలవకపోయినా వెళ్లాలి. తెలుగు ఊళ్లలో ఎవరూ ప్రత్యేకంగా నేర్పకుండానే అందరికీ తెలిసిన నియమం ఇది. పదేళ్లుగా మాటలు లేని దాయాది కూడా పాడె లేచే వేళకు వాకిట్లో నిలబడతాడు. రాకపోతే ఆ తప్పు తరాల పాటు లెక్కలో ఉంటుంది. "మా నాయన పోయినప్పుడు ముఖం చూపించలేదు" అన్న మాట ఎప్పుడో పొలం గట్టు తగాదాలో కూడా బయటికి వస్తుంది. చూడటానికి మొరటుగా ఉన్నా, ఈ నియమం వెనక మనిషి గురించిన ఒక ఎరుక ఉంది. దుఃఖంలో ఉన్నవారు సాయం అడగలేరు. తమకు ఏం కావాలో వారికే తెలియదు. అందుకే అడిగే భారాన్ని వారి మీద నుంచి తీసి, రావలసిన బాధ్యతను ఊరి మీద పెట్టారు.

దీనికి జోడుగా మరో ఆచారం ఉంది. చావు ఇంటి నుంచి లేచేటప్పుడు "వెళ్లొస్తాం" అనకూడదు. చెప్పకుండా లేచి నడవాలి. ఇలాంటి పనికి ఆ గడప మళ్లీ తొక్కే అవసరం రాకూడదన్న భయంతో పుట్టిన ఆచారం అది. నిషేధం ఆ మాట వరకే. కానీ చాలా ఇళ్లలో అది అక్షరాలా జరిగిపోతుంది. పదకొండో రోజు భోజనాలు కాగానే షామియానా విప్పుతారు, అద్దె కుర్చీలు ఆటో ఎక్కుతాయి, మిగిలిన కూరలు గిన్నెల్లో సర్దుకుని చుట్టాలు బస్సు వేళ చూసుకుంటారు. ఆ సాయంత్రం నుంచి ఆ ఇంటికి వచ్చేవారు ఉండరు. అప్పటిదాకా పనులతో, జనంతో ఊపిరాడని మనిషికి పోయినవారు నిజంగా పోయారని తెలిసేది అప్పుడే.

దుఃఖం మనుషులను కలుపుతుందా, విడదీస్తుందా అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఈ పన్నెండో రోజు దగ్గరే ఉంది.

కాకి ముట్టేదాకా

చావు జరిగిన ఇంట్లో తొలి రోజుల్లో మాటల కంటే పనులే ఎక్కువ. ఒకరు వెదురు బొంగులు తెస్తారు, ఒకరు దూరపు చుట్టాలకు ఫోన్లు చేస్తారు, ఇంకొకరు డప్పుల వారికి కబురు పెడతారు. ఆ ఇంట్లో పొయ్యి వెలగదు కాబట్టి పక్కింటి నుంచో వియ్యాలవారి నుంచో అన్నం గిన్నెలు వస్తాయి. ఏం మాట్లాడాలో తెలియని వారి చేతిలో ఒక పని పెట్టడం ఈ ఏర్పాటులోని మొదటి తెలివి. ఓదార్చడం చాలామందికి చేతకాదు. నీళ్ల బిందె మోయడం అందరికీ వచ్చు.

ఏడుపుకు కూడా ఒక పద్ధతి ఉంది. పల్లెల్లో ఆడవారు రాగాలు తీసి ఏడుస్తారు. పోయిన మనిషిని వరస పెట్టి పిలుస్తూ, చేసిన మేలు, పడిన కష్టం, తీరని కోరిక అన్నీ ఆ శోకంలోనే చెబుతారు. కొత్తగా ఒక బంధువు గడపలోకి రాగానే ఆమెను కావలించుకుని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటారు. పట్నంలో పెరిగినవారికి ఇదంతా నాటకంలా తోస్తుంది. దగ్గర కూర్చుని విన్నవారికి మరొకటి వినిపిస్తుంది. మధ్యలో ఒకామె శోకం దారి మళ్లి, ఎన్నో ఏళ్ల కిందట పోయిన తన కొడుకు దగ్గరికి వెళ్లిపోతుంది. పక్కనున్న ఆమె తన తల్లిని తలచుకుంటుంది. ఎవరి ఏడుపు వారిదే, కానీ కలిసి ఏడుస్తారు. ఊళ్లో ఒక చావు జరిగిన రోజున పాత చావులన్నిటికీ మరోసారి ఏడ్చే అనుమతి దొరుకుతుంది. దుఃఖంలో పుట్టే సమూహం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ మనస్తత్వ శాస్త్ర గ్రంథంలోనూ అక్కర్లేదు.

అన్నిటికంటే గమనించదగ్గది కాకి కోసం ఎదురుచూడటం. తెలంగాణలో దీన్ని పిట్టకు పెట్టడం అంటారు. పోయినవారికి ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించి అందరూ దూరంగా నిలబడతారు. కాకి వెంటనే వాలితే సరే. వాలకపోతేనే అసలు సంగతి మొదలవుతుంది. "చుట్ట పెట్టారా?" "చేపల పులుసు ఆయనకు అలా నచ్చదు, మామిడికాయ వేయాలి కదా?" "కల్లు తెప్పించండి." పది నిమిషాలో అరగంటో, ఆ మనిషి ఇష్టాయిష్టాల మీద నిలువుకాళ్ల మీద చర్చ నడుస్తుంది. నవ్వు కూడా వస్తుంది, ఎవరూ తప్పు పట్టరు. అప్పటికీ కాకి రాకపోతే దగ్గరివారు ఎవరో ముందుకు వచ్చి, "చిన్నదాని పెళ్లి నా పూచీ, నువ్వు మనసులో ఏమీ పెట్టుకోకు" అని పైకి చెబుతారు. కాసేపటికి కాకి వాలుతుంది. ఆకలితో వాలిందా, మరెందుకైనా వాలిందా అన్నది అక్కడ ముఖ్యం కాదు. ఆ మాట పదిమంది చెవిన పడింది. రేపు ఆ పెళ్లి వేళకు పూచీ పడిన మనిషి ముఖం తప్పించడం కష్టం. స్టాంపు కాగితం లేకుండా, సాక్షి సంతకం లేకుండా ఒక హామీ రాయించుకునే పద్ధతి ఇది.

పెద్దకర్మ తర్వాత కూడా కొన్ని మెట్లు ఉన్నాయి. దగ్గరి బంధువులు ఆ ఇంటివారిని తమ ఇంటికి తీసుకెళ్లి ఒక రాత్రి నిద్ర చేయిస్తారు. బట్టలు పెడతారు. నెలనెలా మాసికం, ఏడాదికి సంవత్సరీకం, ఆపైన ఏటేటా తద్దినం. కులాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి రోజుల లెక్క మారుతుంది. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ఆదరణ కూడిక జరుగుతుంది. ముస్లింల ఇళ్లలో మూడో రోజు జియారత్, నలభయ్యో రోజు ఫాతిహా ఉంటాయి. పేర్లు వేరు, నమ్మకాలు వేరు. కానీ ప్రతిదానికీ ఒక తేదీ ఉంది. తీరిక దొరికినప్పుడు వస్తామనే వెసులుబాటు వీటిలో దేనిలోనూ లేదు.

యూదుల ఆచారం ఈ విషయంలో మరింత పట్టుగా ఉంటుంది. ఖననం తర్వాత ఏడు రోజులు వారు 'షివా' అనే సంతాప కాలం పాటిస్తారు. ఇంటివారు కూర్చుని ఉంటే ఊరివారే వచ్చి వెళతారు. తల్లినో తండ్రినో పోగొట్టుకున్నవారు పదకొండు నెలల పాటు 'కద్దీష్' ప్రార్థన చెప్పాలి. ఒంటరిగా చెబితే చెల్లదు, కనీసం పదిమంది ఉండాలి. అంటే తలుపు వేసుకుని కూర్చోవాలనిపించే కాలంలోనే ఆ మనిషి పదిమందిని వెతుక్కుంటూ బయటికి వెళ్లక తప్పదు. ఆ పదిమందికీ తమలో ఒకరు దుఃఖంలో ఉన్నారని తెలియకా తప్పదు.

ఆర్నాల్డ్ వాన్ జెనెప్ అనే పరిశోధకుడు 1909లో ఇలాంటి తంతులను పోల్చి చూసి, పుట్టుక, పెళ్లి, చావు వంటి మలుపుల్లో ఎక్కడైనా మూడు అడుగులు కనిపిస్తాయని చెప్పాడు: పాత స్థితి నుంచి విడిపోవడం, అటూ ఇటూ కాని నడిమి కాలం, కొత్త స్థితిలో తిరిగి సమాజంలో కలవడం. మన మైల ఆ నడిమి కాలమే. దాన్ని అంటరానితనంతో ముడిపెట్టి చూడటం అలవాటైంది గానీ, దానికి మరో ముఖం ఉంది. మైలలో ఉన్నవారు పెళ్లిళ్లకు వెళ్లనక్కర్లేదు, ముస్తాబు కానక్కర్లేదు, నవ్వు ముఖం పెట్టనక్కర్లేదు. ఈ కాలమంతా నీ పద్ధతి వేరుగా ఉంటుందని ఊరు ముందే ఒప్పుకుంటుంది. ఇప్పుడు ఆఫీసుల్లో దొరకనిది ఆ ఒప్పుకోలే.

షామియానా విప్పాక

ఈ ఏర్పాటు కుదించుకుపోతోంది. నగరాల్లో పదకొండు రోజుల పని మూడు రోజుల్లోకి, కొన్నిచోట్ల ఒక్కరోజులోకి వచ్చింది. ఇంటివారిని తప్పు పట్టడానికి లేదు. సొంతవారు చనిపోతే ఇన్ని రోజుల సెలవు ఇచ్చి తీరాలనే చట్టం దేశమంతటికీ వర్తించేలా ఏదీ లేదు. యజమాని దయ, మిగిలిన క్యాజువల్ లీవుల లెక్క. అద్దె ఇంట్లో శవాన్ని ఉంచనివ్వని యజమానులు ఉన్నారు. అపార్టుమెంటులో పొయ్యి వెలగలేదన్న సంగతి పక్క ఫ్లాటువారికి తెలిసే దారి లేదు. వాట్సాప్ గ్రూపులో మాత్రం గంటలో డెబ్భై 'ఓం శాంతి'లు వరసగా పడతాయి, మధ్యలో ఎవరో పొరపాటున శుభోదయం పువ్వు పంపి తొలగిస్తారు.

కోవిడ్ కాలం ఈ కోతను చివరిదాకా తీసుకెళ్లింది. 2020 లాక్‌డౌన్ నిబంధనల్లో అంత్యక్రియలకు 20 మందికి మించి రాకూడదన్నారు. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆ 20 మంది కూడా లేరు. కడసారి చూపు దొరకలేదు, స్నానం చేయించలేదు, ముఖం మీద గుడ్డ తీయలేదు. ఎవరో ముక్కూ ముఖం తెలియని స్వచ్ఛంద కార్యకర్తలు చితికి నిప్పు పెట్టారు. పరామర్శకు వెళ్లడమే ప్రమాదం కాబట్టి ఎవరూ వెళ్లలేదు. ఆ తర్వాత కేసులు తగ్గినా వెళ్లలేదు, ఎందుకంటే పరామర్శకు ఒక వేళ ఉంటుంది, ఆ వేళ దాటిపోయింది. ఆరు నెలల తర్వాత ఏ మాటతో గడప తొక్కాలో ఎవరికీ తెలియలేదు. ఆ ఇళ్లలో చాలామందికి పెద్దకర్మకు ముందే పన్నెండో రోజు వచ్చేసింది.

జనం వెళ్లిపోయాక వచ్చే కాలం ఎలా ఉంటుంది? మొదట కాగితాలు వస్తాయి. మరణ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా, గ్యాసు కనెక్షన్, రేషన్ కార్డులో పేరు కొట్టివేత. భర్త పేరున ఉన్న సెల్ నంబరును రద్దు చేయించాలా, రీచార్జి చేస్తూ ఉంచుకోవాలా అన్న చిన్న ప్రశ్న దగ్గర ఒక మనిషి వారం రోజులు ఆగిపోవచ్చు. తర్వాత తొలి పండుగ వస్తుంది. పండుగ లేదని చుట్టాలకు తెలుసు కాబట్టి ఎవరూ రారు, పిలవరు. దుఃఖంలో ఉన్నవారికి మర్యాద ఇవ్వడం కోసం పెట్టిన నియమమే ఆ రోజు వారిని గదిలో ఒంటరిగా కూర్చోబెడుతుంది.

"కాలమే మాన్పుతుంది" అనే మాట ఇక్కడే ఎక్కువ హాని చేస్తుంది. దాని అర్థం చాలాసార్లు "ఇక మేం రానక్కర్లేదు" అని. దీనికి ఇంగ్లీషు చదువుల వెంట వచ్చిన ఐదు దశల సిద్ధాంతం తోడైంది. నిరాకరణ, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం అంటూ మానసిక వైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో చెప్పిన దశలు చనిపోబోతున్న రోగులతో మాట్లాడి రాసినవి. వాటిని పోగొట్టుకున్నవారికి అంటగట్టడం, పైగా వరస తప్పితే ఏదో లోపం ఉన్నట్టు చూడటం తర్వాత వచ్చిన అలవాటు. పరిశోధన ఆ మెట్ల వరసను నిలబెట్టలేదు. 1999లో మార్గరెట్ స్ట్రోబే, హెంక్ షుట్ అనే ఇద్దరు నెదర్లాండ్స్ పరిశోధకులు ఇచ్చిన వివరణ అనుభవానికి దగ్గరగా ఉంటుంది. వారి లెక్కలో దుఃఖం మెట్లు ఎక్కదు, ఊయలలా ఊగుతుంది. ఒక పూట పోయినవారి మీదికి మనసు పోతుంది. మరో పూట బియ్యం, ఫీజులు, కొత్తగా నేర్చుకోవలసిన బండి డ్రైవింగు. రెండూ కావాలి. ఏ ఒక్కదానిలో ఇరుక్కున్నా కష్టమే. 1996లో వెలువడిన మరో పరిశోధన గ్రంథం, పోయినవారితో బంధం తెంచుకోవడమే ఆరోగ్యమన్న పాత నమ్మకాన్ని కూడా ప్రశ్నించింది. ఏటా తద్దినం పెట్టే సమాజానికి అందులో కొత్త ఏమీ లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తాజా రోగాల వర్గీకరణలో ఆరు నెలలు దాటినా తగ్గని, రోజువారీ బతుకును ఆపేసే తీవ్ర దుఃఖాన్ని ప్రత్యేకంగా గుర్తించారు. అమెరికా మానసిక వైద్యుల 2022 నాటి జాబితా ఆ గడువును పెద్దవారికి ఏడాది అంది. మనవారి ఏటి సూతకం కూడా ఏడాదే అని మురిసిపోయి, పూర్వులకు అంతా తెలుసు అనడం తొందరపాటు. ఆ రెండు లెక్కలు వేర్వేరు పనుల కోసం పుట్టాయి. ఏడాదిలో అన్ని పండుగలూ, అన్ని పుట్టినరోజులూ, అన్ని కాలాలూ ఒక్కసారైనా ఆ మనిషి లేకుండా వచ్చి వెళతాయి. అంతవరకు చెప్పుకోవచ్చు.

కొవెంట్రీలో రెండు కుటుంబాలు

ఇంగ్లండులోని కొవెంట్రీ నగరంలో 1968లో ఒకే ఆసుపత్రిలో ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఒకరిది రోడ్డు ప్రమాదం, ఒకరిది జబ్బు. లాలీ, హెండర్సన్ అనే ఆ రెండు కుటుంబాలకూ ముందు పరిచయం లేదు. ఆసుపత్రిలో సహాయ మతగురువుగా ఉన్న సైమన్ స్టీఫెన్స్ ఇద్దరినీ చూస్తూ వచ్చాడు. రెండో పిల్లవాడి అంత్యక్రియలకు మొదటి కుటుంబం పూలు పంపింది. రెండో కుటుంబం కృతజ్ఞత చెప్పింది. తర్వాత నలుగురూ కలిసి టీ తాగుతూ పిల్లల గురించి మాట్లాడుకున్నారు, ఏడ్చారు. తాను గంటల తరబడి చెప్పిన మాటల కంటే ఆ నలుగురు ఒకరికొకరు చేసుకున్న మేలు ఎక్కువని స్టీఫెన్స్ గమనించాడు. వృత్తిరీత్యా ఓదార్చేవారు ఈ సంగతి ఒప్పుకోవడం అరుదు. 1969లో అక్కడే 'కంపాషనేట్ ఫ్రెండ్స్' అనే సంఘం మొదలైంది. ఇప్పుడది ఎన్నో దేశాల్లో ఉంది. సభ్యత్వానికి అర్హత ఒక్కటే, ఎవరూ కోరుకోనిది: ఇంట్లో ఒక బిడ్డను పోగొట్టుకుని ఉండటం.

ఆ సంఘం తనకంటూ ఒక తేదీని కూడా తయారుచేసుకుంది. ఏటా డిసెంబరు రెండో ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు, ఎవరి దేశ కాలమానం ప్రకారం వారు, పోయిన పిల్లల కోసం కొవ్వొత్తి వెలిగిస్తారు. ఈ ఆనవాయితీ 1997 నుంచి ఉంది. ఒక దేశంలో కొవ్వొత్తులు ఆరేవేళకు పక్క దేశంలో వెలుగుతాయి. మతంతో పనిలేదు. పురోహితుడు లేడు. మనకు తద్దినం ఉన్నట్టే, ఏ ఆచారమూ తేదీ ఇవ్వని తల్లిదండ్రులు తమకు తామే ఒక తేదీ పెట్టుకున్నారు.

దాదాపు అదే కాలంలో అమెరికాలోని బోస్టన్‌లో ఫిలిస్ సిల్వర్‌మన్ అనే పరిశోధకురాలు భర్త పోయిన ఆడవారి కోసం ఒక ప్రయత్నం చేశారు. సాయానికి పంపింది నర్సులనో వైద్యులనో కాదు, అంతకుముందు భర్తను పోగొట్టుకుని నిలదొక్కుకున్న ఆడవారినే. మరణం జరిగి కొన్ని వారాలు గడిచాక, అంటే బంధువులు వెళ్లిపోయాక, కొత్తగా భర్త పోయినామెకు ఒక ఉత్తరం వెళ్లేది. ఫలానా రోజు ఫలానా వేళకు వస్తాను, వద్దనుకుంటే ఫోను చేయండి అని. ఇందులోని మెలిక గమనించాలి. "అవసరమైతే ఫోను చేయండి" అని మనం అంటాం, ఎవరూ చేయరు. ఇక్కడ వద్దనుకుంటేనే ఫోను చేయాలి. చావుకు పిలవకపోయినా వెళ్లాలన్న మన ఊరి నియమాన్ని అమెరికా నగరంలో, పన్నెండో రోజు తర్వాతి కాలానికి తగినట్టుగా మళ్లీ రాసుకున్నట్టు ఉంటుంది ఇది.

ఇంటికి దగ్గరగా చెప్పుకోవాలంటే కేరళ ఉంది. 1993లో కోజికోడ్ వైద్య కళాశాల ఆవరణలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ తదితరులు నొప్పి నివారణ, ఉపశమన చికిత్సల కోసం ఒక సొసైటీ పెట్టారు. రోగులు ఆసుపత్రికి రాలేరని, వచ్చినా వారి కష్టంలో మందుల వంతు కొంతేనని త్వరలోనే అర్థమైంది. 2000 తర్వాత మలప్పురం పరిసరాల్లో ఆ పని ఇరుగుపొరుగు జాలంగా మారింది. వారానికి రెండు గంటలైనా ఇవ్వగలిగిన వారెవరైనా చేరవచ్చు, శిక్షణ ఇస్తారు. బడి పంతుళ్లు, ఆటో డ్రైవర్లు, కాలేజీ విద్యార్థులు చేరారు. డబ్బు చిన్నచిన్న స్థానిక చందాల నుంచే ఎక్కువగా వచ్చింది. 2008లో కేరళ ప్రభుత్వం ఉపశమన చికిత్సకు ఒక విధానం ప్రకటించింది. దేశంలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రం అదే. మంచాన పడిన మనిషి దగ్గరికి నెలల తరబడి వచ్చినవారు, ఆ మనిషి పోయాక కూడా ఆ గడప ఎక్కగలరు. వారికి కొత్తగా సాకు అక్కర్లేదు. పరామర్శ అన్నది చావుతో మొదలు కావాలనే నియమాన్ని వారు ముందుకు జరిపారు. అందుకే అది చావుతో ముగియదు.

తెలుగు రాష్ట్రాల్లో ఉపశమన చికిత్స ఉంది గానీ అది ఇంకా చాలావరకు ఆసుపత్రి పని. ఆటో డ్రైవర్ వారానికి రెండు గంటలు ఇచ్చే స్థాయికి రాలేదు.

లెక్కలోకి రాని దుఃఖాలు

ఇంతవరకు ఆచారాలను మెచ్చుకున్నాం. అవి ఎవరి కోసం పనిచేస్తాయో చూస్తే కథ మారుతుంది. భర్త పోయిన స్త్రీ విషయంలో పెద్దకర్మ ఆమెను సమాజంలో తిరిగి కలిపే తంతు కాదు, బయటికి పంపే తంతు. గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం, మెట్టెలు తీయడం పదిమంది ముందు జరుగుతాయి. వాన్ జెనెప్ చెప్పిన మూడో అడుగు ఆమెకు దక్కదు. నడిమి కాలమే ఆమె మిగిలిన జీవితం అవుతుంది. సొంత కూతురి పెళ్లిలో వెనక వరసలో నిలబడవలసి వస్తుంది. రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించి 140 ఏళ్లు దాటింది. పెళ్లి మాట పక్కన పెడదాం, పేరంటానికి పిలుపు కూడా చాలా ఊళ్లలో ఇంకా దక్కలేదు.

ఈ తంతును ఊరే మార్చుకోగలదని మహారాష్ట్రలోని ఒక గ్రామం చూపించింది. కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ పంచాయతీ 2022 మే నెలలో గాజులు పగలగొట్టడం, కుంకుమ చెరపడం వంటివి ఆపాలని తీర్మానించింది. అదే నెలలో రాష్ట్ర ప్రభుత్వం మిగిలిన పంచాయతీలు కూడా అదే దారి పట్టాలని సర్క్యులర్ పంపింది. తీర్మానంతో మనసులు మారవని అనేవారు ఉంటారు. నిజమే. కానీ ఆ తంతు చేసే అత్తలకూ ఆడపడుచులకూ, చేయకుండా ఉండటానికి ఒక సాకు కావాలి. "పంచాయతీ వద్దంది" అనేది మంచి సాకు.

ఆచారం గుర్తించని దుఃఖాలు ఇంకా ఉన్నాయి. గర్భంలోనే పోయిన బిడ్డకు కర్మ లేదు, కాబట్టి తల్లికి పరామర్శ లేదు. "మళ్లీ పుడతారులే" అనే మాట మాత్రం ఉంది. విడాకులకు పదకొండో రోజు ఉండదు. పెళ్లి కాని ప్రేమలో ఒకరు పోతే మిగిలినవారు శవం దగ్గరికి కూడా వెళ్లలేరు. అమెరికా పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లో ఇలాంటివాటిని సమాజం హక్కు ఇవ్వని దుఃఖాలుగా వర్ణించాడు. చావు కాని మలుపులూ ఇందులో చేరతాయి. కూతురిని అత్తారింటికి పంపే తల్లిదండ్రుల ఏడుపుకు అప్పగింతలు అనే చోటు ఇచ్చారు మనవారు. పాలలో చేతులు ముంచి అప్పగిస్తూ అందరి ముందూ ఏడవవచ్చు. కొడుకు అమెరికా విమానం ఎక్కిన రాత్రి ఖాళీ అయిన ఇంటికి అలాంటి చోటు లేదు. విమానాశ్రయం గాజు తలుపు దగ్గర సెల్ఫీ తీసుకుని తిరిగి రావడమే. పదవీ విరమణకు శాలువా ఉంది, మర్నాటి ఉదయానికి ఏమీ లేదు.

దూరం ఈ చిక్కును ఇంకా బిగిస్తుంది. గల్ఫ్‌లో పనిచేసే జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల కార్మికులు అక్కడ చనిపోతే శవపేటిక ఇంటికి చేరడానికి కొన్నిసార్లు వారాలు పడుతుంది. అన్నాళ్లూ ఇక్కడ ఏ కర్మా మొదలు కాదు. ఏడవాలో ఆగాలో తెలియని నడిమి కాలం. అక్కడ, ఒకే గదిలో అంతస్తుల మంచాల మీద పడుకున్న సహచరులే చందాలు వేసుకుంటారు, కాగితాల వెంట తిరుగుతారు. ఆ గదిలోవారు ఆ చావుకు దగ్గరి చుట్టాలు, కానీ ఊళ్లో ఎవరికీ వారి పేర్లు తెలియవు. 2023 డిసెంబరు 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. అమెరికాలో 1977లో మొదలైన తానా వంటి తెలుగు సంఘాలు ఉత్సవాలకే పేరుపడ్డాయి గానీ, తెలుగు విద్యార్థి ఎవరైనా ప్రమాదంలో పోతే భౌతికకాయాన్ని ఇంటికి చేర్చే పనిలో వాటి కార్యకర్తలే ముందుంటారు. ఆ సంఘాల అసలు విలువ వేదిక మీద కంటే ఆ ఫోన్లలోనే తెలుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ ఒంటరి చేసేది ఆత్మహత్య. రైతు పురుగుల మందు తాగి చనిపోయిన ఇంటికి ఊరు వస్తుంది. కానీ గుసగుసలతో వస్తుంది. భార్య ఏమందో, ఇంట్లో ఏం జరిగిందో అని. వారి వెనకాలే అప్పులవారు వస్తారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నాటి జీవో 421 ప్రకారం పరిహారం లక్షన్నర. తెలంగాణలో 2015లో జీవో 194తో అది 6 లక్షలైంది. అయితే ముందు త్రిసభ్య కమిటీ వచ్చి అది నిజంగా సాగు అప్పుల వల్ల జరిగిన ఆత్మహత్యేనని తేల్చాలి. అంటే భర్త ఎందుకు చనిపోయాడో ఆమె అధికారులకు రుజువు చేయాలి. పట్టా లేని కౌలు రైతు అయితే ఆ రుజువు మరీ కష్టం. 2018లో వచ్చిన రైతు బీమా ఏ కారణంతో చనిపోయినా 5 లక్షలు ఇస్తుంది గానీ అదీ భూమి పేరున ఉన్నవారికే.

ఈ ఆడవారిని కలిపింది ఏ కర్మా కాదు. కలెక్టరేట్ల ముందు ధర్నాలు, బహిరంగ విచారణలు, రైతు సంఘాలు పెట్టిన సమావేశాలు. ఒక్కొక్కరూ భర్త ఫొటోను ఒడిలో పెట్టుకుని కూర్చుంటారు. ఊళ్లో ఎవరికీ చెప్పని సంగతి పక్కనున్నామెకు వివరించనక్కర్లేదు. ఆమె ఒడిలోనూ ఒక ఫొటో ఉంది. అక్కడ ఓదార్పు మాటలు తక్కువే వినిపిస్తాయి. కొత్తగా వచ్చినామెకు పాతవారు ముందుగా చెప్పేది కాగితాల సంగతి: ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం నివేదిక, పాసు పుస్తకం, వడ్డీ వ్యాపారి రాయించుకున్న ప్రాంసరీ నోటు, ఒక్కోటి ఎన్ని జిరాక్సులు తీయించాలో, వాటిలో ఏ ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వకూడదో.